నాలుగు మీటర్ల లోపు ఏడేళ్ళు

బెంగళూరులో మారతహళ్ళి వంతెన దాటి మున్నేకొళాల వైపు వస్తే మేముండే అపార్ట్‌మెంటు కనబడుతుంది. దాని బేస్‌మెంటులో నాకు దక్కిన పార్కింగు స్థలం రెండు స్తంభాల నడుమ ఉంది. ఒక స్తంభాన్ని ఆనుకొని నీటి గొట్టాలు దిగుతాయి, రెండో స్తంభం పక్కన ఎదురింటివారి స్కూటరు, దాని వెనుక వాళ్ళ పిల్లవాడి సైకిలు ఉంటాయి. 2018లో కారు కొనాలని అనుకున్నప్పుడు షోరూముకు వెళ్ళే ముందు రోజు టేపు తీసుకొని ఆ స్థలాన్ని కొలిచాను. వెడల్పు 2 మీటర్ల 30 సెంటీమీటర్లు వచ్చింది. మేము చివరికి కొన్న కారు వెడల్పు మీటరు 73 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. మిగిలిన 56 సెంటీమీటర్లలో నేను తలుపు తెరుచుకొని, పొట్ట లోపలికి పీల్చుకొని, బ్యాగుతో సహా బయటికి రావాలి. ఏడేళ్ళుగా వస్తున్నాను. ఈ కారు గురించి నేను చెప్పగలిగినదంతా ఆ సందులోంచి చూసి చెబుతున్నదేనని ముందే చెప్పడం మంచిది.

కంపెనీ పేరు రాయను. రాస్తే చదివేవారి దృష్టి పేరు మీదికి పోయి, వాళ్ళ మేనమామ కారుకు జరిగినవీ పక్కింటివారి కారుకు జరగనివీ చర్చకు వస్తాయి. ఏ కంపెనీదైనా ఈ తరగతి కార్ల కొలతలు దాదాపు ఒకటే: పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజిను 1200 సీసీ లోపు. ఈ రెండు గీతలనూ గీసింది ఢిల్లీలోని ఆర్థిక శాఖ. 2006 బడ్జెట్టులో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించినప్పుడు, చిన్న కారు అంటే ఏమిటో ఆ కొలతలతోనే నిర్వచించారు. అప్పటి నుంచి మన దేశంలో కార్లు ఆ గీత లోపల ఒదగడం నేర్చుకున్నాయి. డిక్కీని ఎవరో వెనుక నుంచి నెట్టేసినట్టు కనబడే పొట్టి సెడాన్లు కూడా ఆ పన్ను పుణ్యమే. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీత లోపలి పెట్రోలు కార్లకు 18 శాతం, గీత దాటినవాటికి 40 శాతం అని నిర్ణయించారు. ఆ వార్త వచ్చిన సాయంత్రమే అనంతపురం నుంచి మా బావమరిది ఫోను చేసి, "ఇప్పుడైనా ఆ డబ్బాను మార్చు బావా" అన్నాడు. అతని సంగతికి మళ్ళీ వస్తాను.

బెంగళూరులో కారు కొనే తెలుగువారికి మొదట ఎదురయ్యే ప్రలోభం సొంత ఊరి నంబరు. కర్ణాటకలో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయల ధర పలికే కారుకు జీవితకాల పన్ను 14 శాతం, ఆ పన్ను మీద మళ్ళీ సెస్సు. అప్పట్లో మన వైపు అది తక్కువగా ఉండేది కాబట్టి, మదనపల్లె చిరునామాతో అక్కడే రిజిస్ట్రేషను చేయించమని ఇంట్లో అందరూ సలహా ఇచ్చారు. కానీ ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. అంటే ఇక్కడ పన్ను కట్టి, అక్కడ కట్టినదాన్ని వాపసు అడుగుతూ రెండు రాష్ట్రాల కార్యాలయాల చుట్టూ తిరగాలి. మరుసటి ఏడు ఏపీ 39 నంబరుతో కారు తెచ్చుకున్న మా ఆఫీసు మిత్రుడు, తర్వాత నిరభ్యంతర పత్రం కోసం ఎన్ని సెలవులు పెట్టాడో నాకు తెలుసు. కేఆర్ పురం ఆర్టీవో నుంచి వచ్చిన కేఏ 53 నంబరు చూసి నాయన మొదట ముఖం ముడుచుకున్నారు. ఊళ్ళో కారు ఆపగానే "ఎవరో కన్నడం వాళ్ళు వచ్చినట్టుంది" అని పక్కింటివారు అనడం ఆయనకు నచ్చలేదు.

ఇంటి నుంచి బెళ్ళందూరులోని ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు. అందులో చాలా భాగం ఔటర్ రింగ్ రోడ్డు. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం వరకు మెట్రో స్తంభాలు లేస్తున్న ఈ కాలంలో, ఇనుప రేకుల మధ్య మిగిలిన దారిలో ఆ దూరం దాటడానికి నాకు గంట పడుతుంది. శుక్రవారం సాయంత్రం వాన పడితే గంటన్నర. నేను డబ్బు మిగులుతుందని మాన్యువల్ గేర్ల కారు కొన్నాను. ఏడేళ్ళలో నేను చేసిన పొరపాటు ఏదైనా ఉందంటే అదే. మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. ముందున్న బస్సు రెండు అడుగులు కదిలితే నేనూ రెండు అడుగులు. ఆ సందులోకి స్కూటరువాడు దూరకముందే కారును జరపాలన్న ఆత్రంలో క్లచ్‌ను సగం తొక్కిపెట్టి ఉంచడం అలవాటై, 58 వేల కిలోమీటర్ల దగ్గర క్లచ్ ప్లేటు అరిగిపోయింది. మూడో గేరులో ఇంజిను అరుస్తున్నా బండి వేగం పుంజుకోకపోవడం దానికి తొలి గుర్తు. నేను దాన్ని నెల రోజులు పెట్రోలు కల్తీ అనుకున్నాను. మదనపల్లె దారిలో మాత్రమే తిరిగే కారైతే ఆ ప్లేటు ఇంకా చాలా దూరం వచ్చేదని మెకానిక్ అన్నారు. ప్లేటు మార్చడానికి తొమ్మిది వేల రూపాయల లోపే అయింది, కానీ నా ఎడమ మోకాలికి అలాంటి విడిభాగం దొరకదు.

మైలేజీ లెక్కను మొదటి రోజు నుంచి ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నాను. ట్యాంకు నిండుగా పోయించి, మీటరు సున్నా చేసి, మళ్ళీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించడం. డ్యాష్‌బోర్డు మీద కనబడే అంకె కంటే ఈ పాత పద్ధతి నిజాయితీ గలది, ఎందుకంటే నా కారులో ఆ అంకె ఎప్పుడూ లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువే చెబుతుంది. కొన్నప్పుడు చెప్పినది లీటరుకు 22. నగరంలో నాకు వచ్చేది 11 నుంచి 12. ఊరికి వెళ్ళేటప్పుడు 18 నుంచి 19. దీన్ని మోసం అనేవారు చాలామంది ఉన్నారు కానీ, ఆ 22 ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, నిర్ణీత వేగాలతో నడిపి తీసిన అంకె. మహదేవపుర దగ్గర ఏసీ వేసుకొని కదలకుండా గంట నిలబడితే అర లీటరుకు పైగా కాలిపోతుంది, ముందుకు వెళ్ళిన దూరం మాత్రం సున్నా. ఏ ఇంజిను అయినా ఆ సున్నాను ఎలా భాగించాలి? 2025లో బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు మామూలైపోయాక నా పుస్తకంలో సగటు మరో అర కిలోమీటరు దిగింది. లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి కొంత దిగడం సహజమే. అదే ఏడాది మా దారిలో మెట్రో రేకులు మరింత ముందుకు జరిగాయి కనుక నేరమంతా ఇథనాలు మీద మోపలేను.

ఇక గుంతలు. ఈ విషయంలో నాకు తెలియకుండానే మంచి నిర్ణయం జరిగిపోయింది. బడ్జెట్టు సరిపోక కింది స్థాయి మోడలు తీసుకోవడం వల్ల 14 అంగుళాల ఇనుప రిమ్ములు, 165/80 టైర్లు వచ్చాయి. పై స్థాయి మోడలుకు 15 అంగుళాల అలాయ్ రిమ్ములు, 185/65 టైర్లు. టైరు మీద ఉండే మొదటి అంకె మిల్లీమీటర్లలో దాని వెడల్పు. రెండో అంకె, ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. లెక్క కడితే నా టైరు పక్కగోడ 132 మిల్లీమీటర్లు, అందమైన టైరుది 120. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ దాదాపు సమానమే కానీ, గుంతలో పడినప్పుడు దెబ్బను మింగే రబ్బరూ గాలీ నా దానిలో 12 మిల్లీమీటర్లు ఎక్కువ. మా అపార్ట్‌మెంటులోనే అలాయ్ రిమ్ములున్న అదే కారు ఇంకొకటి ఉంది. వర్తూరు రోడ్డు మీద గుంతలో పడి దాని టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది, రిమ్ము అంచు పగిలింది. అలాంటి దెబ్బే తగిలినప్పుడు నా ఇనుప రిమ్ము వంగింది. పంక్చరు దుకాణం అబ్బాయి సుత్తితో కొట్టి సరిచేసి రెండు వందలు తీసుకున్నాడు. వంపు తిరగడంలో నా కారు కాస్త ఎక్కువ వాలుతుంది, నిజమే. ఈ ఊళ్ళో ఆ వేగంతో వంపు తిరిగే అవకాశం రాత్రి రెండు గంటలకు తప్ప రాదు. గుంతల వల్ల తప్పించుకోలేని ఖర్చు మాత్రం ఒకటుంది: ముందు చక్రాల దగ్గరి లింక్ రాడ్లు, రబ్బరు బుష్‌లు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. స్పీడ్ బ్రేకరు దిగుతున్నప్పుడు కింద నుంచి టకటకమని శబ్దం మొదలైతే అవి పోయినట్టే.

2022 సెప్టెంబరు 4 రాత్రి కురిసిన వాన గురించి ఈ వైపు ఉండేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. బెళ్ళందూరు, యమలూరు నీట మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన వారం అది. మా వెనుక ఉన్న రాజకాలువ, అంటే వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ, పొంగి తెల్లవారుజామున బేస్‌మెంటులోకి నీళ్ళు వచ్చాయి. వాచ్‌మన్ తలుపు కొట్టేసరికి కారు చక్రాలు సగానికి పైగా మునిగిపోయి, తలుపుల కింద నుంచి నీళ్ళు లోపలికి చేరుతున్నాయి. నేను తాళం చెవి పట్టుకొని మోకాలి లోతు నీళ్ళలో దిగబోయాను. అంతలో ఎందుకో మెకానిక్‌కు ఫోను చేయాలనిపించింది. ఆయనది ముళబాగిలు, ఇంట్లో తెలుగు, దుకాణంలో కన్నడం. నిద్రమత్తులో కూడా ఆయన ఒక్క మాట స్పష్టంగా చెప్పారు: "సార్, స్టార్టు మాత్రం కొట్టొద్దండి. ఎంత మునిగితే అంత మునగనీండి."

కారణం ఆయన తర్వాత వివరించారు. ఇంజిను గాలిని పీల్చుకొని నొక్కుతుంది. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది, నీళ్ళు నొక్కుకుపోవు. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉండగా స్టార్టు చేస్తే పిస్టను పైకి వచ్చి ఆ నీళ్ళకు గుద్దుకుంటుంది, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ తర్వాత ఇంజిను విప్పడం తప్ప దారి ఉండదు. పైగా, నిలిపి ఉన్న కారు వరదలో మునిగితే మామూలు పూర్తి బీమా వర్తిస్తుంది కానీ, నీళ్ళలో స్టార్టు చేయడం వల్ల ఇంజిను పోతే అది మీరు చేజేతులా చేసుకున్నదంటూ చేతులెత్తేస్తారు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా రుసుము కట్టాలి. ఆ సంగతి నాకు ఆ రోజు వరకు తెలియదు. నీళ్ళు తోడాక కారును లాగించి, బ్యాటరీ తీగలు విప్పి, సీట్లన్నీ ఊడదీసి, కార్పెట్టును మా మేడ మీద నాలుగు రోజులు ఆరబెట్టాం. మా ఆవిడ దాని పక్కనే వడియాలు పెట్టుకుంది. వాసన మాత్రం సంక్రాంతి దాకా పోలేదు. అద్దాలు మూసి ఏసీ వేస్తే తడిసిన గోనెసంచిలో కూర్చున్నట్టు ఉండేది. తర్వాతి ఏడు, 2023 మే 21న, కేఆర్ సర్కిల్ అండర్‌పాసులో వాన నీళ్ళలో కారు చిక్కుకొని, కుటుంబంతో వెళ్తున్న ఒక తెలుగు అమ్మాయి చనిపోయింది. అప్పటి నుంచి వాన పడుతుంటే అండర్‌పాసులోకి మా కారు దిగదు. వెనుక ఎవరు ఎంత హారను కొట్టినా పక్కకు ఆపి కూర్చుంటాం. ఈ ఎత్తు కారుకు అడుగున నీళ్ళెంత లోతో పైనుంచి తెలియదు.

ఎలుకల బాధ కూడా బేస్‌మెంటుదే. ఒకసారి ఇంజిను దీపం వెలిగి ఆరకపోతే బానెట్టు తెరిచి చూశాం. తీగల కట్టను కొరికి, బ్యాటరీ పక్కన చెనక్కాయ పొట్టుతో గూడు పెట్టుకుంది. ఆ చెనక్కాయలు మా ఊరివే అని నా అనుమానం.

ఊరంటే ఈ కారుకు రెండో జీవితం. హొసకోట, చింతామణి, చీకలబైలు మీదుగా మదనపల్లెకు మూడు గంటల ప్రయాణం. వెళ్ళేటప్పుడు డిక్కీలో రెండు బ్యాగులు. వచ్చేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా, రాగిపిండి, చింతపండు, చెనక్కాయల మూట, మార్కెట్టు రేటు పడిపోయిన రోజుల్లో టమోటాలు. డిక్కీ సామర్థ్యం 268 లీటర్లని కాగితం మీద ఉంది. మా అమ్మ దగ్గర ఆ కాగితం లేదు. "ఇంకా జాగా ఉంది కదప్పా" అంటూ సీట్ల సందుల్లో కూడా మూటలు దూర్చాక, వెనుక సీట్లో అమ్మ, మా ఆవిడ, పిల్లవాడు, వాళ్ళ కాళ్ళ కింద గుమ్మడికాయ. అంత బరువుతో కారు వెనుక భాగం కూర్చుండిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నేలకూ కారు అడుగుకూ మధ్య ఉండే 163 మిల్లీమీటర్లు అప్పుడు ఎన్ని మిగులుతాయో కానీ, చింతామణి దాటాక ఒక ఊరి బడి ముందున్న స్పీడ్ బ్రేకరు ప్రతిసారీ కారు కడుపును గీకేది. నాయన దానికి తనదైన ఉపాయం కనిపెట్టారు. ఆ బడి రాగానే ఆపమనేవారు, దిగి నడిచి స్పీడ్ బ్రేకరు దాటేవారు, నేను ఖాళీ అయిన అరవై ఐదు కిలోల తేలికతో మెల్లగా ఎక్కించి దింపాక మళ్ళీ ఎక్కేవారు. బడి పిల్లలు దాన్ని చూడటానికి గోడ దగ్గర నిలబడేవారు.

తిరుమలకు రెండుసార్లు వెళ్ళాం, పీలేరు, భాకరాపేట మీదుగా. కొండెక్కడంలో ఐదుగురితో ఈ చిన్న ఇంజినుకు రెండో గేరు తప్ప గతి లేదు. మూడో గేరు వేస్తే నీరసిస్తుంది, రెండులో కేకలు పెడుతుంది. అయినా ఎక్కడా వేడెక్కి ఆగలేదు. కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తక్కువ కాకుండా పట్టాలన్న దేవస్థానం నిబంధన మా కారును చూసి పెట్టినట్టే ఉంటుంది. దిగేటప్పుడు కూడా రెండో గేరులోనే దిగాలి. ఇంజిను పట్టు వదిలి బ్రేకునే తొక్కుతూ పోతే సగం దారిలో కాలిన వాసన వస్తుంది. మొదటిసారి మాకు వచ్చింది.

ఇప్పుడు బావమరిది సంగతి. నిరుడు అతను పెద్ద బండి కొని మమ్మల్ని చూడటానికి వచ్చాడు. మా ర్యాంపు మలుపులో మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరిపి, నాలుగోసారి గోడకు బంపరు రాసుకొని, చివరికి బండిని వీధిలో వదిలి రెండు రాత్రులు కిటికీలోంచి చూసుకుంటూ గడిపాడు. అయితే నవ్వి ఊరుకోవడానికి లేదు. అతని వాదనలో నాకు సమాధానం లేని భాగం ఒకటుంది. నా కారు బరువు తొమ్మిది వందల కిలోల లోపు, లోపల ఉన్నవి రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గోడకు గుద్దించి నక్షత్రాలు ఇవ్వడం మొదలయ్యాక, కొత్త చిన్న కార్లలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు చూస్తున్నాం. నగరంలో గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే నాకు అది పెద్ద బెంగ కాదు. చింతామణి రోడ్డులో ఎదురుగా టమోటా లారీ ఓవర్‌టేకు చేస్తూ వచ్చినప్పుడు మాత్రం తలుపు రేకు ఎంత పలచనో గుర్తుకొస్తుంది. అందుకే చీకటి పడ్డాక ఊరి ప్రయాణం మానేశాం, వెనుక సీట్లో కూడా అమ్మతో సహా అందరికీ బెల్టు తప్పనిసరి చేశాం. కారు మార్చే రోజు వస్తే దీనికోసమే మారుస్తాను. అప్పుడు కూడా టేపుతో కొలిచాకే కొంటాను, క్లచ్ లేనిదే కొంటాను.

ప్రస్తుతానికి మీటరు 71 వేలు దాటింది, రెండో జత టైర్లు అరిగాయి. పోయిన ఆదివారం టైర్ల దుకాణానికి వెళ్తే, కుర్రవాడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అలాయ్ వేసి పదిహేను అంగుళాలకు మారిస్తే బండి లుక్కే మారిపోతుంది సార్" అన్నాడు. పక్కగోడ 12 మిల్లీమీటర్ల లెక్క చెప్పబోయి ఆగిపోయాను. 165/80, 14 అని చీటీ మీద రాయించి, అడ్వాన్సు ఇచ్చి, వర్తూరు రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ ఇంటికి వచ్చాను.